లోపలి పూత

ఆ శనివారం పొద్దున ప్రుదెన్సియో అనుకున్న పని చాలా చిన్నది. భార్య లునింగ్‌నింగ్ బజారు నుంచి తిరిగొచ్చేలోగా, సిగరెట్టుకు బదులు ఆవిరి పీల్చే తన వేప్‌కు కొత్త గొట్టం దేనితో చేయించాలో తేల్చుకోవాలి. అంతే.

రెండేళ్ళ క్రితం తమ ఊరు మరికినా చర్చిలో, మేరీమాత ముందు, ఇక పొగ ముట్టనని ఆమెకు ప్రమాణం చేశాడు. సిగరెట్టు నిజంగానే మానేశాడు. వేప్‌లోంచి వచ్చేది ఆవిరేగాని పొగ కాదని తనకు తానే నచ్చజెప్పుకుని, బూట్ల కార్ఖానాలో తోలు కోసే పని అయ్యాక, చేతికి దొరికిన సామానుతో ఆమెకు తెలియకుండా దాన్ని సొంతంగా తయారుచేసుకున్నాడు. ఇప్పుడు దాని ఇత్తడి గొట్టం లోపల తెల్లగా మెరిసే పూత పొలుసులుగా రాలుతోంది. ఊడదీసిన ముక్కలన్నీ వంటగది బల్లమీద పరిచి, లేత్ మిషన్ నడిపే స్నేహితుడు బోయెట్‌కు ఫోను చేసి స్పీకరులో పెట్టాడు.

"రాగి అయితే ఎలా ఉంటుంది?"

"చిలుం పడుతుందన్నా."

"జింకు పూసిన ఇనుము?"

"వేడెక్కిందంటే విషప్పొగ. ఆ మాటే ఎత్తకు."

"చెక్క?"

"వార్నిషు పీలుస్తావా?"

"పోనీ, పూత పోతే పోయింది, ఉన్న ఇత్తడే ఉంచేస్తే?"

"అందులో సీసం ఉంటుందన్నా. పూత ఉంది కదాని ధైర్యంగా ఇచ్చాను."

ప్రుదెన్సియోకు నీరసం వచ్చింది. లోకంలో ఇన్ని వస్తువులుండి, మనిషి గుండెలనిండా పీల్చుకోవడానికి ఒక్కటీ పనికిరాకపోవడం అతనికి అన్యాయంగా తోచింది. ముక్కలన్నీ డబ్బాలో వేసి మూతపెడుతూ అన్నాడు.

"లోపలి పొర మొత్తం ఊడిపోతోందిరా. నిన్న దగ్గితే పొలుసులు నోట్లోకొచ్చాయి. ఇంకెన్నాళ్ళంటావ్?"

"మహా అయితే మూడు నెలలు. ఆ పైన ఎవరూ బాగుచెయ్యలేరు."

సరిగ్గా ఈ రెండు మాటలకే లునింగ్‌నింగ్ చేపల సంచితో గుమ్మంలోకి వచ్చింది. వచ్చినంత నెమ్మదిగానే వెనక్కి వెళ్ళి, వీధిమెట్టు మీద కూలబడింది.

మధ్యాహ్నం ఆమె భర్తకు చేపముక్కలో ముళ్ళు తీసి మరీ పెట్టింది. పందొమ్మిదేళ్ళ కాపురంలో అది ఎన్నడూ లేదు. వేప్ సంగతి బయటపడిందనుకున్నాడు ప్రుదెన్సియో.

"నీకు తెలిసిపోయింది కదూ?" అన్నాడు తలెత్తకుండా.

"తెలిసింది. నాకెందుకు చెప్పలేదు?"

"నీ మొహం చూసి చెప్పలేకపోయాను."

"ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు."

"రెండేళ్ళా! ఒక్కడివే మోశావా?" ఆమె కళ్ళు నిండాయి. "దాన్ని తీసెయ్యడానికి వీల్లేదా?"

"తీసేస్తాను. ఇవాళే తీసేస్తాను."

"నువ్వెలా తీసుకుంటావు, పిచ్చివాడా!" అని ఆమె అతని తలను గుండెకు హత్తుకుని భోరుమంది.

ఇంత చిన్న తప్పుకు ఇంత పెద్ద క్షమాపణ దొరుకుతుందని ప్రుదెన్సియో కలలోనైనా అనుకోలేదు. పోయి పడుకోమంటే పడుకున్నాడు.

కునుకు తీసి లేచేసరికి ముందుగదిలో జపమాల జపిస్తున్న గొంతులు వినిపించాయి. ప్రార్థన చదువుతున్నది పక్కవీధి పెద్దావిడ అలింగ్ పాసింగ్. ఆవిడ చదువుతున్నది ఆఖరి ఘడియల్లో ఉన్నవాళ్ళకోసం చదివేది. మధ్యలో అతని పేరు వచ్చింది. తలుపు సందులోంచి చూస్తే ఇరవైమంది ఆడవాళ్ళు, నాలుగు గిన్నెల కోడిమాంసపు గంజి, చివరిసారి తొడగడానికన్నట్టు ఇస్త్రీ చేసి గోడకు తగిలించిన తన పెళ్ళినాటి చొక్కా.

అప్పుడర్థమైంది. బయటికెళ్ళి, ఊడిపోతున్నది నా ఊపిరితిత్తులు కాదు, దొంగచాటు వేప్ గొట్టం అని ఇరవైమంది ముందు చెప్పాలి. లేదా మూడు నెలల్లో చచ్చిపోవాలి. ఎటూ తేలక మంచం అంచున కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. రెండింటిలో చావే మర్యాదగా కనిపించింది. దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు.

అతనికి ఆ అవకాశం కూడా దక్కలేదు. బోయెట్ వచ్చాడు. గుమ్మంలోనే అలింగ్ పాసింగ్ ఆపి సంగతి చెప్పింది. "ఊపిరితిత్తుల లోపలి పొర ఊడిపోతోందట నాయనా."

బోయెట్ మొహం పాలిపోయింది. "నేనే చంపాను! ఆ సీసం ఇత్తడి ఇచ్చింది నేనే!" అని గోడకు తల బాదుకున్నాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చి జేబులోంచి వేలెడు స్టీలు గొట్టం తీసి లునింగ్‌నింగ్ చేతిలో పెట్టాడు. "ఏడవకు వదినా. ఆపరేషన్ సామాన్లకు వాడే రకం. దీన్ని వేసుకుంటే ఇక భయం లేదు."

"ఛాతీలోనా?" అంది ఆమె.

"ఛాతీలో ఎందుకు వదినా? వేప్‌లో."

జపమాలలు ఆగిపోయాయి. లునింగ్‌నింగ్ లోపలికొచ్చి దుప్పటి లాగింది. ప్రుదెన్సియో కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"లే. పోవడం లేదుగా నువ్వు?"

"లేదు," అన్నాడతను నేరం ఒప్పుకుంటున్నట్టు.

"పోతావనుకుని, పొద్దుట్నుంచీ ఈ పందొమ్మిదేళ్ళలో నువ్వు చేసినవన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుని క్షమించాను. కూర్చుని, ఓపిగ్గా. ఇప్పుడవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను."

ముందుగదిలో గిన్నెల మూతలు చప్పుడయ్యాయి. తెచ్చినవాళ్ళు గంజి పట్టుకెళ్ళిపోతున్నారు. బోయెట్ ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

సోమవారం ఆమె భర్తను లాక్కెళ్ళి ఎక్స్‌రే తీయించింది. ఆ గొట్టం ఇంకెప్పుడూ నోట పెట్టవద్దని గట్టిగా చెప్పి, ప్రస్తుతానికి ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని డాక్టరు రాసిచ్చాడు. ఆ కాగితం చూసి సంతోషించినవాళ్ళు ఆ వీధిలో ఒక్కరూ లేరు.