కారణం లేని వెర్నా

ఆ మంగళవారం ఉదయం వెర్నా వేసుకున్న పథకం చిన్నదే. డార్లీన్‌ను లాయరు దగ్గరికి తీసుకెళ్ళాలి, పనిలో పనిగా తన గోడూ చెప్పుకోవాలి, వచ్చేటప్పుడు ఇద్దరూ బేకరీలో చెర్రీ పై తినాలి. డార్లీన్ కారు మూలపడి చాలా కాలమైంది. ఎక్కడికి వెళ్ళాలన్నా వెర్నా కారే గతి.

అంతకుముందు శుక్రవారంనాడు కొవ్వొత్తుల ఫ్యాక్టరీ యజమాని డ్వేన్, ఇద్దరినీ పనిలోంచి తీసేసి, చేతుల్లో చెరో ఖాళీ అట్టపెట్టె పెట్టి, సామాను సర్దించి, కారు దాకా సాగనంపాడు. ఉద్యోగంతో పాటు ఆరోగ్య బీమా పోయింది. బీమాతో పాటు వెర్నా మోకాలి ఆపరేషన్ పోయింది. ఊరివాళ్ళు మాత్రం పరామర్శ వంటకాలన్నీ డార్లీన్ ఇంటికే మోశారు. వెర్నాకు వచ్చింది ఒక్క గిన్నెడు చికెన్ క్యాసరోల్. అదీ డార్లీనే తెచ్చింది. గిన్నె అడుగున వేరెవరిదో పేరు అంటించి ఉంది.

లాయరు మిస్ కెస్లర్ మొదట డార్లీన్‌ను అడిగింది. "ఎందుకు తీసేశారు?"

"వెనక తలుపుకి గొలుసేసి తాళం పెడతాడండీ. నిప్పంటుకుంటే అందరం లోపలే! సర్కారు ఆఫీసులో ఫిర్యాదు చేశా. వెంటనే పొమ్మన్నాడు."

లాయరు ముఖం వెలిగిపోయింది. డార్లీన్‌కు కాఫీ వచ్చింది.

"మరి మీరు?"

"నాకైతే కారణం కూడా చెప్పలేదమ్మా," అంది వెర్నా, పెద్ద అన్యాయం తనకే జరిగిందన్న ధీమాతో.

"అయ్యో! అయితే ఏం చేయలేం. ఈ రాష్ట్రంలో ఏ కారణమూ లేకుండా తీసేయొచ్చు. చట్టం ఒప్పుకోని కారణం ఉంటేనే కేసు."

వెర్నాకు కాఫీ రాలేదు.

"బాధపడకే. నేను గెలిచి మళ్ళీ చేరాక రోజూ నీకు ఫోన్ చేస్తాగా," అంది డార్లీన్.

ఇన్నేళ్ళు ఒకే బల్ల దగ్గర పక్కపక్కన వత్తులు కత్తిరించారు. ఇక డార్లీన్ లోపల, తను గేటు బయట! వెర్నా డార్లీన్‌ను అక్కడే వదిలేసి ఫ్యాక్టరీకి బయలుదేరింది.

"డ్వేన్, నన్నెందుకు తీసేశావ్? ముసలిదాన్ననేగా?"

"ఛ ఛ! నాకన్నా చిన్నదానిలా ఉన్నావు."

"ఆడదాన్ననా?"

"ఇక్కడున్నదంతా ఆడవాళ్ళేగా!"

"పోనీ, నా చర్చి గిట్టకా?"

"ఇద్దరిదీ ఒకే చర్చి కదమ్మా! ఇంటికెళ్ళు."

"ఒక్క చెడ్డ కారణం చెప్పు, వెళ్ళిపోతా," అంటూ వెర్నా ముందు గుమ్మానికి అడ్డంగా కూలబడింది.

తమాషా చూడ్డానికి పనివాళ్ళంతా మూగారు. చూసుకునేవాళ్ళు లేక, కాగుతున్న లావెండర్ వాసన మైనం కళాయిలోంచి పొంగి నేలంతా పారింది. "వెనక తలుపు!" అని ఎవరో అరిచారు. అందరూ అటు పరిగెత్తారు. గొలుసు అలాగే ఉంది. అందరూ కాళ్ళు జారుతూ తిరిగొచ్చి డ్వేన్ మీద పడ్డారు. అతని బూట్లు మైనంలో అతుక్కుపోయాయి.

"నీవల్లే ఇదంతా!" అని వెర్నా మీద విరుచుకుపడ్డాడతను. "ఆ డార్లీన్‌ను ఫిర్యాదు ఆఫీసుకి నీ కారులో దింపకపోయుంటే నీ ఉద్యోగం నీకుండేది!"

అందరూ విన్నారు. వెర్నా అతని బుగ్గ మీద ముద్దు పెట్టి, లాయరు దగ్గరికి తిరుగుముఖం పట్టింది.

"ఫిర్యాదుకి సాయం చేసినందుకు తీసేయడమూ తప్పే. ఇద్దరిదీ ఒకటే కేసు!" అంది మిస్ కెస్లర్. వెర్నాకూ కాఫీ వచ్చింది.

"చూశావా, కలిసే లోపలికెళ్తాం!" అని డార్లీన్ వెర్నా మెడ చుట్టూ చేతులేసింది.

వెర్నా కాసేపు ఆనందంగానే తాగింది. తర్వాత కప్పు కింద పెట్టింది. క్యాసరోల్ సంగతి సరే, చివరికి తన ఉద్యోగం పోయిన కారణం కూడా డార్లీన్‌దే, తన సొంతం కాదు.