మేక కోసం అల్లుడు

ఆ సోమవారం పొద్దున ఆర్విడ్ పెట్టుకున్న ప్లాను చాలా చిన్నది. కాఫీ తాగడం, పడుకునే సంచీని వంటింటి త్రాసు మీద ఇంకోసారి తూచడం, తొమ్మిదింటికల్లా చేపల ఫ్యాక్టరీకి వెళ్లి ఐసు మెషీను సంగతి చూడడం. శుక్రవారం నీళ్ల మీద దిగే చిన్న విమానంలో కొండల్లోకి పోవాలి. అక్కడ ఐదు రోజులు కొండమేక వేట. విమానం నడిపే ఇంగ్రిడ్ పెద్దమ్మ మనుషులూ సామానూ కలిపి ఆరు వందల ఎనభై పౌన్లు దాటకూడదని, దాటితే ఎవర్నయినా సరే రేవులోనే దింపేస్తానని ముందే చెప్పింది. అందుకని ఆర్విడ్ వారం రోజులుగా ఇంట్లో కనిపించిన ప్రతి వస్తువునూ తూస్తున్నాడు. టూత్‌బ్రష్షు పిడి సగానికి కోసేశాడు. చెంచాకి చిల్లులు పెట్టాడు. తనను తాను మాత్రం తూచుకోలేదు. నూట తొంభై ఐదని పెద్దమ్మకి నోటిమాటగా చెప్పి ఊరుకున్నాడు.

నిజానికి ఈ వేట ఆర్విడ్ బుర్రలో పుట్టింది కాదు. మా కెల్ప్ కోవ్ రేవూళ్లో పుట్టి పెరిగినా, ఒడ్డు మీద జింకను కొట్టడం తప్ప మేకలుండే ఎత్తుకి అతనెప్పుడూ ఎక్కలేదు. నిచ్చెన నాలుగో మెట్టు మీదే అతని కళ్లు తిరుగుతాయి. ఇది హార్లన్ గారి సరదా. హార్లన్ అంటే, నాలుగేళ్లుగా ఆర్విడ్‌తో ఒకే ఇంట్లో ఉంటున్న మార్లిస్‌కి కన్నతండ్రి. దూరాన అయోవా రాష్ట్రంలో ఉంటాడు. ఈ నాలుగేళ్లలో ఆర్విడ్‌ని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. "ఆ ఐసు కుర్రాడు" అనేవాడు.

సరిగ్గా ఏడింటికి ఫోను మోగింది.

"ఏవయ్యా అల్లుడూ! సామాను సర్దావా?"

ఆర్విడ్ చేతిలోని పడుకునే సంచీ జారి కాఫీ కప్పు మీద పడింది. "ఎవరండీ?"

"ఎవరండీ ఏవిటయ్యా, మీ మామగార్ని! విను. బయటి రాష్ట్రం వాడు మీ కొండమేక జోలికి రావాలంటే గైడన్నా ఉండాలిట, లేకపోతే అక్కడే కాపురం ఉండే దగ్గర చుట్టమన్నా వెంట ఉండాలిట. గైడెందుకు, ఇంట్లో అల్లుణ్ణి పెట్టుకుని? ఫారంలో 'అల్లుడు' అని రాసి, సంతకం గీకి, మొన్ననే పంపేశాను."

"అది కాదు సర్... మాకింకా పెళ్లి..."

"నాలుగేళ్లు ఒకే కప్పు కింద ఉండి ఇంకా పెళ్లేవిటయ్యా నీ మొహం! బుధవారం దిగుతున్నాను." ఫోను పెట్టేశాడు.

ఆర్విడ్ పరుగున వెళ్లి వేట నియమాల పుస్తకం తీశాడు. చుట్టాల జాబితా మీద వేలు పరుగెత్తించాడు. 'అల్లుడు' అన్న మాట కనబడగానే వేలు అక్కడే ఆగింది. అల్లుడు పనికొస్తాడు. పెళ్లి కాకుండా ఇంట్లో ఉంటున్నవాడు ఎక్కడా పనికిరాడు. అబద్ధపు సంతకమని తేలితే తుపాకీ పోతుంది, మేక పోతుంది, ముసలాయన పరువూ పోతుంది. అతని గుండె గుభేలుమంది. ఆ వెంటనే, దాచుకోవడం ఎందుకు, లోపల సంబరం కూడా పొంగింది. శుక్రవారంలోగా మార్లిస్‌ని పెళ్లాడమని సాక్షాత్తూ ప్రభుత్వమే చెబుతోంది మరి!

ఎందుకంటే అతను మార్లిస్‌ని ఇప్పటికి మూడుసార్లు అడిగాడు. మొదటిసారి, పెళ్లయితే ట్రక్కు ఇన్సూరెన్సు తగ్గుతుందన్నాడు. రెండోసారి, ఫ్యాక్టరీవాళ్లు సంసారులకి రెండు గదుల ఇల్లు ఇస్తారన్నాడు. మూడోసారి, పడవ టిక్కెట్టులో రాయితీ ఉందన్నాడు. మూడుసార్లూ ఆమె "చూద్దాం" అంది. అసలు మాట గొంతు దాకా వచ్చేది, అక్కడ ఐసులాగా గడ్డ కట్టుకుపోయేది.

మార్లిస్ బల్ల దగ్గర కూచుని బూట్లకి తాళ్లు కట్టుకుంటోంది. ఆమెది అడవి శాఖలో ఉద్యోగం. వేసవంతా భుజాన రంపం వేసుకుని కొండదారుల మీద విరిగిపడ్డ చెట్లు కోసి తీస్తుంది. ఆవేళ కూడా కొండమీది క్యాంపుకి పోతోంది, మళ్లీ రావడం బుధవారమే.

"మార్లిస్, మనం శుక్రవారంలోగా పెళ్లి చేసుకోవాలి," అన్నాడు ఆర్విడ్ పుస్తకం చాచి. "చట్టం."

ఆమె పుస్తకం తీసుకుని చాలాసేపు చదివింది. ఒకసారి అతని వంక చూసింది. పెదవి చివర నవ్వులాంటిదేదో వచ్చి పోయింది.

"దరఖాస్తు మీద సంతకం పెడతాను," అంది. "పెళ్లి సంగతి చూద్దాం."

ఎనిమిదింటికి కోర్టు తలుపు తీసేసరికి ఆర్విడ్ గుమ్మంలో ఉన్నాడు. గుమాస్తా వెల్మా కళ్లజోడు సవరించుకుని దరఖాస్తు చూసింది. వెల్మా మంచి మనిషే. నోట్లో నువ్వుగింజ నానదు, అంతే.

"మూడు రోజులు ఆగాలి నాయనా. శుక్రవారం పొద్దున ఇస్తాను. ఏవిటంత తొందర?"

ఆర్విడ్ బల్ల మీది దరఖాస్తుని తిన్నగా సర్దాడు. మామగారు సర్కారు కాగితం మీద అబద్ధం రాశారని కోర్టు గుమాస్తాతో ఎలా చెబుతాడు! "తొందరేనండీ. ఇంకా ఆలస్యమైతే అందరికీ తెలిసిపోతుంది."

వెల్మా కళ్లు పెద్దవయ్యాయి, ఆ తర్వాత చెమర్చాయి. "అయ్యో నా తండ్రీ! ఎన్నో నెల?"

"సెప్టెంబరే కదండీ," అన్నాడు ఆర్విడ్. ఆవిడ మేకల సీజను గురించి అడుగుతోందనుకున్నాడు.

మధ్యాహ్నం భోజనం వేళకి ఫ్యాక్టరీలో అందరూ అతని వీపు తట్టారు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మంలో మూడు జతల బుల్లి ఊలు మేజోళ్లు, చేపా బంగాళాదుంపా కలిపి కాల్చిన వంటకం నాలుగు పళ్లేలు. ఆర్విడ్‌కి విషయం అప్పుడు తలకెక్కింది. కాదని చెబుదామా అంటే, మరి తొందరెందుకని అడుగుతారు. ఎందుకో చెబితే ముసలాయన కొంప మునుగుతుంది. కనక నోరు మూసుకుని చెవుల దాకా ఎర్రబడ్డాడు. "పాపం, సిగ్గుపడుతున్నాడు" అని జాలిపడి ఊరు ఇంకో రెండు పళ్లేలు పంపింది. పారేస్తే పాపమని అన్నీ తినేశాడు. మంగళవారం చర్చి ఆడవాళ్లు ఉయ్యాల మోసుకొచ్చి ముందుగదిలో పెట్టిపోయారు.

బుధవారం హార్లన్ దిగాడు. మనిషి తలుపంత వెడల్పు, చేతిలో తుపాకీ పెట్టె. రేవులో మొదట ఎదురైనవాళ్లే "తాతగారికి అభినందనలు!" అన్నారు. రెండోవాళ్లు చేతిలో మేజోళ్లు పెట్టారు. ఇంటికొచ్చేసరికి ఆయన మొహం ఉడికించిన పీతలా ఉంది.

ఆయన ముందుగది మధ్యలో నిలబడ్డాడు. "ఏవిటిది?"

"ఉయ్యాలండీ."

"నాకు కళ్లున్నాయి! మొన్న పెళ్లి కాలేదన్నావు. ఇవాళ ఉయ్యాలంటావు. మధ్యలో జరగాల్సినవేవీ లేవా?"

సరిగ్గా అప్పుడే మార్లిస్ మోకాళ్ల దాకా బురదతో, భుజాన రంపంతో లోపలికొచ్చింది. "నాన్నా! ఎప్పుడొచ్చావ్?" అంటూనే ఆగిపోయింది. ఇద్దరు మగవాళ్లూ ఆమె పొట్ట వంకే చూస్తున్నారు.

"మీకేవైనా మతిపోయిందా?" అంది.

ఆర్విడ్ ఫారం దగ్గర్నుంచి వెల్మా దాకా అంతా కక్కేశాడు. హార్లన్ ఊపిరి వదిలి కుర్చీలో కూలబడ్డాడు. "ఓస్, మేక కోసమా! అంతేనా! అయితే కానివ్వండి, శుభం. నేనింకా ఏదో ముంచుకొచ్చిందనుకున్నాను."

"అంటే నాన్నా," అంది మార్లిస్ చల్లగా, "ఏ కారణానికీ ఇవ్వనివాడివి, మేక కోసం నన్నిచ్చేస్తావా?"

ఆర్విడ్ ఆమె వంక చూశాడు. ఈసారి కూడా "చూద్దాం" అంటుందని అతనికి అర్థమైపోయింది. అంతటితో అతని ఓపిక తెగింది.

"మేకా వద్దు, గీకా వద్దు!" అని అరిచాడు. ఆ ఇంట్లో అతను అరవడం అదే మొదలు. "మీరు ఆ ఫారం వెనక్కి తీసుకోండి సర్. కావాలంటే హాలిబట్ చేప పట్టిస్తాను, అది మేకకన్నా పెద్దది. మార్లిస్, ఇన్సూరెన్సూ వద్దు, రెండు గదులూ వద్దు. నువ్వు కొండెక్కిన రోజున ఈ ఇంట్లో నాకు అన్నం సయించదు. నువ్వు కావాలి నాకు. శుక్రవారమైనా సరే, పదేళ్ల తర్వాతైనా సరే. ఇదే నేను మొదట్నుంచీ అడగాల్సింది, నోరు రాలేదు."

హార్లన్ ఉయ్యాల వైపు తిరిగి గట్టిగా ముక్కు చీదాడు. మార్లిస్ రంపం కిందపెట్టి, ఒక్కో వేలే లాగుతూ చేతితొడుగులు తీసింది.

"శుక్రవారం," అంది. "రేవులో. ఇంగ్రిడ్ పెద్దమ్మ చేత."

మా దగ్గర కోర్టు ఒక కాగితం ఇస్తే ఎవరైనా ఒకరోజుకి పెళ్లి చేయించొచ్చు. ఇంగ్రిడ్ పెద్దమ్మ అప్పటికి పద్నాలుగు చేసింది, అన్నీ విమానం పక్కనే.

శుక్రవారం పొద్దున రేవంతా పొగమంచు. ఊరు ఊరంతా వచ్చింది. ఎనిమిదీ అయిదుకి వెల్మా లైసెన్సు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. కడుపు సంగతి వట్టిదని తెలిసి ఆవిడ కొంచెం నిరుత్సాహపడింది గాని, కేకు మాత్రం చేసుకొచ్చింది. తొమ్మిదిన్నరకి కొండల మీద మంచు విడింది.

"మూత తీసింది!" అని కేకేసింది ఇంగ్రిడ్ పెద్దమ్మ. "నలభై నిమిషాల్లో మళ్లీ మూసేస్తుంది. ముందు పెళ్లా, ముందు తూకమా?"

"పెళ్లి!" అన్నాడు ఆర్విడ్.

నాలుగు నిమిషాల్లో పెళ్లయిపోయింది. పెళ్లికూతురు నీలం గౌను మీద రబ్బరు బూట్లు వేసుకుంది. "ఒప్పుకుంటున్నావా?" అంటే ఆర్విడ్ రెండుసార్లు ఒప్పుకున్నాడు. చప్పట్లు ఆగకముందే పెద్దమ్మ సరుకులు తూచే త్రాసు మీది గుడ్డ లాగేసింది.

సామాను రెండు వందల నలభై. బానే ఉంది. హార్లన్ ఎక్కాడు. ఫోనులో రెండు వందల పదని చెప్పిన మనిషి రెండు వందల అరవై రెండు తూగాడు.

"మీ త్రాసు తప్పు," అన్నాడు హార్లన్.

"నా త్రాసు ముప్ఫై ఏళ్లుగా ఒక్కరికీ నచ్చలేదు. నువ్వెక్కరా ఆర్విడూ."

ఆర్విడ్ ఎక్కాడు. నాలుగు రోజుల పళ్లేలూ అతనితో పాటే ఎక్కాయి. రెండు వందల పద్నాలుగు.

"ముప్ఫై ఆరు పౌన్లు ఎక్కువ," అంది పెద్దమ్మ. హార్లన్ గబగబా సంచీ విప్పి, మూకుడూ మారుబట్టలూ రేవు చెక్కల మీద పారేశాడు. గుడారం కూడా లాగబోతుంటే పెద్దమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "గుడారం లేకుండా పైన చస్తారు. సామాను కాదు, మనిషి దిగాలి."

పర్మిట్ హార్లన్‌ది, ఆయన దిగితే వేట లేదు. చుట్టం ఆర్విడ్, అతను దిగినా వేట లేదు. హార్లన్ కొండల వంక చూశాడు, తుపాకీ పెట్టె మీద చెయ్యి వేసుకుని తలదించుకున్నాడు. "ఈ వయసులో మళ్లీ రాగలనా!" అన్నాడు. అంత పెద్ద మనిషి గొంతు పిల్లాడి గొంతులా అయిపోయింది. ఆర్విడ్ తను తిన్న ప్రతి ముద్దనీ మనసులోనే తిట్టుకున్నాడు.

"కొంచెం జరుగు," అంది మార్లిస్ వెనకనుంచి. గౌను విప్పేసి భుజాన వేసుకుంది, దాని కింద కొండెక్కే ఉన్ని బట్టలు అప్పటికే తొడుక్కుని ఉంది. త్రాసు ఎక్కింది. నూట ముప్ఫై ఒకటి.

"నువ్వెందుకమ్మా?" అన్నాడు హార్లన్.

"ఎందుకేవిటి నాన్నా, నేను నీకు చుట్టాన్ని కానూ? జాబితాలో అల్లుడు ఎక్కడో కింద ఉన్నాడు. కూతురు పైనే ఉంది. పై నుంచి చదివితే కనబడేది. నేను ఈ రాష్ట్రంలోనే ఉంటున్నదాన్ని, ఆ కొండలన్నీ నాకు తెలుసు. సోమవారమే క్యాంపుకి పోతూ వేట పర్మిట్ల ఆఫీసుకి ఫోను చేసి, నీ ఫారంలో అల్లుణ్ణి కొట్టేయించి కూతుర్ని రాయించేశాను."

హార్లన్ నెత్తి గోక్కున్నాడు. "నాకు తట్టనే లేదమ్మా," అన్నాడు చివరికి, సిగ్గుపడుతూ.

"తడుతుందేమోనని అయిదు రోజులు చూశాను. ఇద్దరికీ తట్టలేదు."

ఆర్విడ్ అప్పటికి లెక్క కట్టుకున్నాడు. "ఆగాగు. సోమవారం నుంచే మేకకి అల్లుడు అక్కర్లేదా? మరి నన్నెందుకు చేసుకున్నావ్?"

మార్లిస్ అతని కాలరు పట్టుకుని దగ్గరికి లాక్కుని, ఊరంతా చూస్తుండగా ముద్దు పెట్టుకుంది. "బుధవారం మేక వద్దన్నావు కదా, అందుకు. ఇన్నాళ్లూ ట్రక్కునీ పడవనీ పెళ్లాడమన్నావు గాని నిన్ను పెళ్లాడమని ఒక్కసారైనా అడిగావా, మొద్దూ!"

ఆర్విడ్‌కి కళ్లనిండా నీళ్లొచ్చాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఆ కొండలు తను ఎక్కనక్కర్లేదన్న సంగతి కూడా అప్పుడే తోచి, ఆ ఆనందం కూడా దీంట్లో కలిసిపోయింది. హార్లన్ విమానం ఎక్కబోతూ వెనక్కి వచ్చి అతని చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఇల్లు జాగ్రత్త ఆర్విడ్," అన్నాడు. పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

విమానం నీళ్లు చిమ్ముకుంటూ లేచి మంచు సందులోకి దూరిపోయింది. పెళ్లయి సరిగ్గా ఇరవై నిమిషాలైంది. పెళ్లికొడుకు గౌను ఒక చేతిలో, మూకుడు ఒక చేతిలో పట్టుకుని రేవులో నిలబడ్డాడు. వెల్మా కేకు ముక్క పట్టుకుని పక్కకొచ్చింది.

"పెళ్లికూతురేది నాయనా?"

"వాళ్ల నాన్నతో వెళ్లిందండీ," అన్నాడు ఆర్విడ్ గర్వంగా. "అయిదు రోజుల్లో వచ్చేస్తుంది, వాతావరణం ఒప్పుకుంటే."

వాతావరణం పదకొండు రోజులు ఒప్పుకోలేదు.