దుమ్ముకు దొరికిన పెద్దపీట

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. కేజీఎఫ్‌లో దుమ్ముకు ఎంత గౌరవం దక్కిందో చెబుతాను.

ఆండర్సన్‌పేటలో ఫ్లోరమ్మ ఇంటికెదురుగా, గనుల కాలంలో బంగారం తీసుకుని పారబోసిన మట్టి దిబ్బ ఒకటుంది. ఆషాఢం గాలి లేస్తే ఆ మట్టి ఇడ్లీల మీదా, ఆరేసిన బట్టల మీదా, పాదిరిగారి కళ్ళద్దాల మీదా పక్షపాతం లేకుండా వాలుతుంది. అందుకే దుమ్ము నివారణ సంఘం వెలసింది. దానికొక నీళ్ళ ట్యాంకరు, దాన్ని తోలే మునిశంకర, ఒక అధ్యక్షుడు. ట్యాంకరు దిబ్బను తడుపుతుంది, అధ్యక్షులు శ్రీనివాసమూర్తిగారు ట్యాంకరుకు పూలదండ వేస్తారు.

ఇంతలో సంఘం వారు చంద్రిక అనే చదువుకున్న పిల్లను పిలిచి నక్షత్రాల మీద ఉపన్యాసం పెట్టించారు. ఎక్కడో దూరాన గెలాక్సీల నిండా దుమ్మేనట. కొత్తగా పుట్టిన నక్షత్రాల వెలుగును ఆ దుమ్ము మింగి, వెచ్చబడి, కంటికి కనబడని పరారుణ కాంతిగా వదులుతుందట. అట్లాంటి గెలాక్సీలు లెక్కలేనన్ని కలిసి ఆకాశమంతా సన్నటి వెలుగు పరిచాయట. నక్షత్రాలిచ్చిన వెలుగులో దాదాపు సగం ఇట్లా దుమ్ము ద్వారానే వచ్చిందట.

"పొయ్యి పక్క గదిలో ఉన్నా గోడ ఎచ్చంగా తగుల్తాదే, అట్లనా తల్లీ?" అని ఫ్లోరమ్మ అడిగింది.

"అంతే అవ్వా," అని చంద్రిక మెచ్చుకుంది.

అర్థమైన ఫ్లోరమ్మ ఇంటికి పోయింది. అర్థం కాని సంఘం తీర్మానం చేసింది: "విశ్వకాంతిలో సగం దుమ్ము వలన లభించుచున్నందున, ఇకపై దుమ్మును తడుపుట విశ్వద్రోహముగా పరిగణించడమైనది."

ఫ్లోరమ్మ అధ్యక్షులవారి ఇంటికి పరుగెత్తింది. వచ్చే వారమే మనవరాలు ప్రిన్సీ పెండ్లి. తెల్ల చీర కట్టుకుని చర్చి నుంచి ఇంటిదాకా నడిచి రావాలి.

"మూర్తప్పా, ఆ పొద్దు ఒక్క ట్యాంకరు నీళ్ళు పోయించప్పా."

"ఫ్లోరమ్మా, మన దుమ్ము ఇలువ నీకు తెల్దు. లోకానికే ఎలుగిస్తా ఉండాది."

"మరి మా వీధిలైటు ఎలగదేమప్పా?"

"ఎలగతానే ఉండాదమ్మా. కంటికి కనబడదు, అంతే."

ఇంత జ్ఞానానికి ఫ్లోరమ్మ దండం పెట్టింది. అధ్యక్షులవారినే పెండ్లికి ముఖ్య అతిథిగా పిలిచింది. దిబ్బకు ఆనుకొని ఎత్తుగా మంటపం కట్టించి, పట్టుగుడ్డ పరిచిన కుర్చీ వేయించింది.

"దుమ్ముకింత దగ్గరగా ఎవురికీ ఏసిండ్లేదు సామీ. మీకే ఏసినాము."

చర్చిలో పెండ్లి జరుగుతుండగానే, గంజి పెట్టిన తెల్లచొక్కాలో ఆయన ఇక్కడ మంటపంలో మైకందుకున్నారు. "ప్రతి ధూళికణమూ ఒక దీపమే! దుమ్మును ద్వేషించువాడు వెలుగును ద్వేషించినట్లే! కావున సోదరులారా..."

గాలి లేచింది.

మైకులో దగ్గు వినిపించింది. తరువాత, "రే మునిశంకరా! ట్యాంకరు యాడ చచ్చిందిరా!" అని వినిపించింది. జనం రెండింటికీ చప్పట్లు కొట్టారు.

చర్చి తలుపులు తెరిచేసరికి దిబ్బ వాన కురిసినట్టు తడిసి ఉంది. ప్రిన్సీ చీర మల్లెపూవులా ఇల్లు చేరింది. పెండ్లికొడుకు డెరిక్ దుమ్ము కొట్టుకుపోయిన అధ్యక్షులవారితో చేయి కలిపి, "అవ్వా, సారు కాలిపోతా ఉండాడే!" అన్నాడు.

"దుమ్ము లోపల ఏడి ఉంటాదని చంద్రికమ్మ అప్పుడే చెప్పినాది," అంది ఫ్లోరమ్మ.

మర్నాడు సంఘం తీర్మానాన్ని సవరించింది: "దూరపు దుమ్ము పూజనీయము. దగ్గరి దుమ్ము, అధ్యక్షులవారు హాజరైన యెడల, తడుపదగినది." అప్పటి నుంచి ఆషాఢం వస్తే ఆండర్సన్‌పేటలో ఎవరూ అర్జీలు పెట్టరు. బాప్తిస్మమనో, బారసాలనో, ఏమీ లేకపోతే మేక ఈనిందనో ఆయన్నే పిలుస్తారు.

ఇది గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి. మీ వీధిలో మురికి కాలువ పొంగితే కుర్చీ ఎక్కడ వేయాలో వాళ్ళకు తెలియాలి కదా. మీరే ఏ సంఘానికో అధ్యక్షులైతే మాత్రం ఈ కథ విననట్టే ఉండండి, వేసిన చోట కూర్చోండి.