అంబాసిడర్‌కు జ్వరం

దసరా మర్నాడు పొద్దున్నే ప్రొద్దుటూరులో బయల్దేరి, ఎండ ముదరకముందే అహోబిలం చేరి, నరసింహస్వామికి టెంకాయ కొట్టి రావాలని ఓబులేసు ఏర్పాటు. వెళ్లేది అంబాసిడర్‌లో. అది అతనికంటే ఆరేళ్లే చిన్నది. వాళ్ల నాయన చీరల మూటలు మోసిన బండి. ఎక్కే ముందు భార్య నాగలక్ష్మమ్మ ఒకటే మాట చెప్పింది.

"ఏమయ్యా, పోయినసారి చాగలమర్రి కాడ ఇది చెడిపోతే లారీ ఎక్కి ఇల్లు చేరితిమి. ఈ పొద్దు ఒక్కసారి నిలబడినాదంటే, రేపే పాతినుము కొనేవాన్ని పిలుస్తా. వాని నంబరు ఫోన్లో పెట్టుకున్నా."

ఊరు దాటి రెండు మైళ్లు పోయారో లేదో, ఇంజను వేడి చూపే ముల్లు ఒక్క దూకున చివరికంటా పోయి అక్కడే అతుక్కుంది. వెనక సీట్లో పూజబుట్ట ఒళ్లో పెట్టుకున్న భార్యకు చెబితే బండి దక్కదు. చెప్పకపోతే ఇంజను దక్కదు. ఓబులేసు టీ బంకు ముందు ఆపాడు.

"అప్పుడే ఏమాయ?"

"గొంతు ఎండుకపోతాండాది మే. బండి నిలబడలే, నేనే నిలిపినా."

నీళ్ల సీసా పట్టుకుని కారు ముందుకు పోయి, వంగి, జాలీలోంచి రేడియేటర్ మీద సీసాడు నీళ్లూ గుమ్మరించాడు. అది చల్లారేదాకా ఊరికే నిలబడలేక రెండు టీలు తాగాడు. బండి తీస్తే ముల్లు ఉన్నచోటే ఉంది. హోటల్ కనిపించగానే ఆకలన్నాడు. ఉగ్గాని, బజ్జీ లాగించి ఇంకో సీసా పోశాడు. చెరుకురసం బండి దగ్గర రెండు గ్లాసులు, మరో సీసా. తర్వాత రెండుసార్లు కంపచెట్ల చాటుకు పోయాడు. అది మాత్రం నాటకం కాదు. అంత తాగినవాడు పోక ఏం చేస్తాడు?

నాగలక్ష్మమ్మకు వెనకనుంచి కనిపించేది ఒక్కటే. మొగుడు నిండు సీసాతో వంగుతాడు, ఖాళీ సీసాతో లేస్తాడు. మూడో సీసాకు ఆమె గొంతు మెత్తబడింది.

"మా నాయనకూ ఇట్లనే మొదలాయ. దప్పిక, ఆకలి, చెట్ల చాటుకు పరుగు. నీకు చక్కెర జబ్బు వచ్చినట్లుండాదయ్యా."

కాదంటే ఆ నీళ్లన్నీ యాడికి పోయినాయో చెప్పాలి. "ఉంటే ఉంటాది మే," అని ఓబులేసు జబ్బును ఒప్పుకున్నాడు.

మైదుకూరులో ఆమె దవాఖానా ముందు ఆపించింది. పక్కనే మెకానిక్ మస్తాన్ వలి షెడ్డు. "ముల్లు చూడప్పా. నోరు మాత్రం మెదపొద్దు," అని తాళంచెవి అతని చేతిలో కుక్కి, ఓబులేసు భార్య వెంట లోపలికి పోయాడు. డాక్టరు వేలు పొడిచి నెత్తురు తీస్తుండగానే మస్తాన్ వలి పసుపుకొమ్ము కట్టిన దారం ఒకటి పట్టుకొచ్చాడు.

"అన్నా, ఇంజను చల్లగుండాది. ఈ దారం ఎవురు కట్టిరి?"

"నేనే," అంది నాగలక్ష్మమ్మ. "నిన్న ఆయుధపూజ కదా. ముడి వేసేదానికి ఇంజను కాడి సన్న వైరే అనువుగా ఉండె."

"అది వేడి చూపే ముల్లు వైరక్కా, తొడుగు అరిగిపోయింది. నీ ముడి దాన్ని లాగి ఇనుముకు ఆనించినాది. అట్ల ఆనితే ముల్లు పైకి పోతాది. బండికి ఏ రోగమూ లే."

నాగలక్ష్మమ్మ మొగుడివైపు తిరిగింది. "మరి ఆ నీల్లు?"

"రేడియేటర్‌కు పోస్తి. తెలిస్తే బండిని అమ్ముతావని."

ఆమె ఫోన్ తీసి పాతినుము వాడి నంబరు చెరిపేసింది. ఓబులేసుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"లెయ్ మే, గుడి మూస్తారు. నాకూ ఏ రోగమూ లే."

"కూర్చోప్పా," అన్నాడు డాక్టరు చేతిలోని మిషన్ చూస్తూ. "చక్కెర మూడు వందల నలభై ఉండాది. రేపు పరగడుపున మల్లా చూద్దాం గానీ, ఇది ఈ పొద్దు తాగిన చెరుకురసం పని కాదు. శానా దినాలదే."

మొగుడి జబ్బు బయటపెట్టిన బండి అని ఇప్పుడు నాగలక్ష్మమ్మ అంబాసిడర్‌కు శుక్రవారం శుక్రవారం హారతి ఇస్తోంది. ఓబులేసు మాత్రం, డాక్టరు చెప్పినందున, ఎక్కడికైనా నడిచే పోతున్నాడు.