గోడ మీద పొగడ్త

లాక్‌డౌన్‌లో మా ఇంట్లో అంట్లు తోమే పని నా మీద పడింది. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు ఏదీ లేదు. మా ఆవిడ నోటిమాటే ఉత్తర్వు.

ఆమె పేరు స్వరాజ్యం. పెళ్లిచూపుల్లో ఆ పేరు విని, స్వేచ్ఛ నాకు వస్తుందనుకున్నాను.

సిద్దిపేట సర్కారు దవాఖానలో ఆమె స్టాఫ్ నర్సు. నాది బట్టల కొట్టు. కరోనా వచ్చాక కొట్టుకు తాళం పడింది, ఆమెకు సెలవు లేకుండా పోయింది. పనిమనిషిని రావద్దన్నాం. అందుకే ఆ ఉత్తర్వు. గిన్నెలు బాగా నానాలని చెప్పి సాయంత్రం దాకా వాటి జోలికి పోలేదు.

అంతలో కాలనీ వాట్సాప్ గ్రూపులో అధ్యక్షుడు లింగమూర్తి సారు మెసేజ్ పెట్టాడు. చెత్త బండి వాళ్లకు, నర్సులకు, పోలీసులకు థాంక్స్ చెబుతూ ఇంటికొక వీడియో ముక్క పంపాలి. అన్నీ కలిపి ఆయన ఇంటి గోడ మీద వేస్తారు. ఎవరి డాబా మీద వాళ్లు నిలబడి చూడాలి. ముక్కలు కలిపేది ఎవరు?

"నేను" అని రాశాను.

"మీరా?" అంది స్వరాజ్యం. "మొన్న నా ఫొటో తియ్యమంటే మీ బొటనవేలు తీసిండ్రు."

"నేర్చుకుంట. నర్సుల కోసం చేస్తున్న. అంటే నీ కోసమే గదా."

"నా కోసం చేసేటిది పెరట్ల నానుతుంది."

"ఎడిటింగ్ చేసే చేతికి తడి తగలొద్దు. ఫోన్ ఖరాబైతది."

థర్మామీటర్‌ను చూసినట్టు నన్ను చూసింది. "సరే, గోడ మీద బొమ్మ పడేదాంక బోళ్లు నేను తోముత" అంది.

నేను గది తలుపు వేసుకున్నాను. వచ్చిన ముక్కలన్నీ పక్క గల్లీ ఓంప్రకాశ్‌కు పంపి పడుకున్నాను. అతనికి ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు వాయిదా పడి ఖాళీగా ఉన్నాడు.

అతను మొదట పంపిన నమూనాలో, చెత్త బండి భూపతి చీపురు పట్టుకుని నిలబడ్డాడు. పైనుంచి మల్లెపూలు రాలాయి. చివరికి భూపతి హృదయం బొమ్మలో ఇరుక్కున్నాడు.

ఫోన్ చేశాను. "ఓంప్రకాశ్, భూపతికి పెండ్లి కాదే!"

"అన్నా, నా కంప్యూటర్ల పెండ్లి తప్ప ఇంకోటి లేదు. కావాల్నంటే సీమంతం ఉంది."

పెళ్లే ఉంచమన్నాను.

ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి స్వరాజ్యం తలుపు తోసింది. నాకు మెలకువ వచ్చింది.

"ఏం జేస్తున్రు?"

"సౌండ్ సెట్ చేస్తున్న."

"సౌండ్ వాకిట్లకు వినొస్తుంది" అని తలుపు మెల్లగా దగ్గరికి వేసి పోయింది. అనుమానించాల్సింది అక్కడే. నేను అటు తిరిగి పడుకున్నాను.

చీకటి పడ్డాక గోడ మీద వీడియో వేశారు. డాబాల నిండా మాస్కులు. కింద రోడ్డు మీద భూపతి, అతని వాళ్లు, పోలీసులు దూరం దూరంగా నిలబడ్డారు. పిల్లలు, ముసలివాళ్లు ఇంటింటి నుంచి థాంక్స్ చెప్పారు. మల్లెపూలు రాలగానే, తన పెళ్లి వీడియో చేసిన చేతిని గుర్తుపట్టి భూపతి అరిచాడు. "ఓంప్రకాశన్నా, నా పెండ్లిల గూడ గిన్ని పూలు పొయ్యలే!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేను వంగి దండం పెట్టాను.

చివరి ముక్కలో స్వరాజ్యం వచ్చింది, యూనిఫాంలో. ఆ ముక్క నేను చూసింది కాదు.

"నేను దవాఖానల డ్యూటీ చేస్తున్ననంటే, ఇంట్ల ఒకరు చేసే డ్యూటీ వల్లనే. పొద్దుగాల బోళ్లు తోముతరు. కూరగాయలు కోస్తరు. నా యూనిఫాం పిండుతరు. కరోనా పోయినంక గూడ తోముతనని మాటిచ్చిండ్రు. మా ఆయన మల్లేశంకు థాంక్స్."

గోడంత నా ముఖం, హృదయం బొమ్మలో.

లింగమూర్తి సారు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కింద పోలీసాయన సెల్యూట్ చేశాడు. అబద్ధమని అరుద్దామంటే, నర్సు భార్య ఉండగా అంట్లు ముట్టని మొగుడినని కాలనీ మొత్తానికి చెప్పుకున్నట్టు అవుతుంది. మళ్లీ దండం పెట్టాను.

పక్క డాబా మీద వినీత తన భర్త వెంకటేశ్‌ను మోచేత్తో పొడిచింది. "సూసిన్రా? గట్లుండాలె మనిషంటే."

వెంకటేశ్ నా వైపు తిరిగాడు. "అన్నా, నీకు మేమేం అన్యాలం చేసినమే?"

నేను స్వరాజ్యం చెవి దగ్గరికి వంగాను. "గా ముక్క ఎట్ల వచ్చింది?"

"మీరు సౌండ్ సెట్ చేస్తుంటె ఓంప్రకాశ్ ఫోన్ చేసిండు. నేనే ఎత్తిన. ముక్కలు కలిపేది ఎవరో తెలిసింది. నాది సీదా ఆయనకే పంపిన."

"అయితే గివన్నీ నేను ఎప్పుడు చేసిన?"

"రేపటి సంది" అంది. "థాంక్స్ ముందుగాల చెప్పిన."

తెల్లారి పెరట్లో గిన్నెల ముందు కూర్చున్నాను. ఏది ముందు తోమాలో తెలియలేదు. పిట్టగోడ అవతల వెంకటేశ్ తల కనిపించింది. చేతిలో మాడిన పాలగిన్నె. వెనక వినీత.

"అన్నా, నీకు అలవాటు గదా. మాడింది ఎట్ల పోతది?"

నాకూ ఇది మొదటి రోజేనని చెప్పే వీలు లేదు. వంటింటి కిటికీలోంచి స్వరాజ్యం చూస్తోంది.

"ముందుగాల నానపెట్టు" అన్నాను. "సాయంత్రం దాంక."

"నానింది సాలు" అంది కిటికీ. "ఇద్దరూ తోముండ్రి."