ఖాళీగా తిరిగిరాని డబ్బా

ఆరేళ్ల కిందట వజీహ్ గారి రక్తపోటు డాక్టరు చూసి, మళ్లీ చూసి, కళ్లద్దాలు తుడుచుకుని ఇంకోసారి చూశాడు. ఆ రోజుతో వాళ్లింట్లో ఉప్పుకి ప్రవేశం రద్దయింది.

రోజూ పొద్దున భార్య నుహాద్ ఆయన చేతికి డబ్బా ఇచ్చేది. లోపల కూసా కాయలు. సొరకాయకి మనవలు పుడితే అలా ఉంటాయి. వాటి కడుపులో బియ్యం, పైన నిమ్మరసం. ఉప్పు మాత్రం ఎంత వెతికినా కనబడదు.

ఆ డబ్బాకి వజీహ్ గారు ఒక దారి చూపించారు. బీరూట్‌లో ఆయన పనిచేసే బీమా ఆఫీసు కిందే అబూ ఖల్ కొట్టు. ఖల్ అంటే వెనిగర్. మనిషి దగ్గరికొస్తే కళ్లు మండుతాయని వీధంతా కలిసి పెట్టిన పేరది. ముప్ఫై ఏళ్లు ఫలాఫెల్ అనే శనగ వడలు వేయించిన పాపానికి అబూ ఖల్‌కి నూనె వాసనొస్తేనే కడుపులో తిప్పేది. ఒప్పందం ఇట్టే కుదిరింది. ఒంటిగంటకి డబ్బా అబూ ఖల్‌కి. రొట్టెలో చుట్టిన వేడివేడి ఫలాఫెల్, నువ్వుల ముద్ద తహీనీ, పచ్చిమిరపకాయ ఊరగాయ వజీహ్ గారికి. కొట్లో ఉన్న ఒకే ఒక్క స్టూలు కూడా ఈయనకే.

"తిన్నారా?" అనేది నుహాద్ సాయంత్రం.

"డబ్బా కూడా నాకేశాను" అనేవారాయన, మీసం తుడుచుకుంటూ.

ఎనిమిది నెలలు ఇలా హాయిగా గడిచాయి. ఒక రోజు అబూ ఖల్ అక్కగారు జహ్లే నుంచి తమ్ముణ్ణి చూడ్డానికొచ్చి, డబ్బా తనే కడిగింది. ఏ ఇల్లాలైనా పక్కింటి గిన్నె ఖాళీగా పంపుతుందా? ఎర్రగా ఊరిన టర్నిప్ ముక్కలు నిండా కూరి, మూత పెట్టి ఇచ్చింది. వజీహ్ గారు మూత తియ్యకుండా ఇంటికి తెచ్చారు.

"ఏమండీ, నేను కూసా పంపితే ఊరగాయ వచ్చిందేంటి?"

"ఎండలకి, నుహాద్..."

"ఎండలకి పులుస్తుంది. టర్నిప్ అయిపోదు."

"ఆఫీసులో ఒక పెద్దావిడుంది. ఉమ్ జిర్జి అని. రుచి చూస్తానంటే కాస్త పెట్టాను."

"అయ్యో, ఎంత మర్యాదస్తురాలో! రేపు ఖర్జూరం బిస్కెట్లు చేసి నేనే తెస్తాను."

"రేపు ఆవిడ సెలవు."

"అయితే ఎల్లుండి."

వజీహ్ గారు గోడకేసి చూశారు. గోడ ఏ సాయమూ చెయ్యలేదు.

"ఆవిడ పోయింది, నుహాద్."

"ఎప్పుడు?"

"ఇవాళే. డబ్బా ఇచ్చింది, అలాగే ఒరిగిపోయింది."

నుహాద్ ఆ ఊరగాయ ముక్కల వంక చూసి కళ్లొత్తుకుంది. అక్కడితో అయిపోయిందనుకుని ఆయన నిశ్చింతగా నిద్రపోయారు.

మర్నాడు మధ్యాహ్నం నుహాద్ నల్ల గౌను వేసుకుని, ఫ్లాస్కు నిండా చావింటి చేదు కాఫీ పోసుకుని బయల్దేరింది. కరెంటు లేక లిఫ్టు ఆగిపోతే నాలుగంతస్తులు ఎక్కింది.

"ఎవరు పోయారమ్మా?" అన్నాడు ఆఫీసు కాపలాదారు కంగారుగా.

"ఉమ్ జిర్జి గారు."

"మా ఆఫీసులో ఆ పేరు గలవాళ్లే లేరే! వజీహ్ గారి కోసమా? ఒంటిగంటకి రోజూ కింద కొట్లోనే కదమ్మా ఉంటారు."

నాలుగంతస్తులూ దిగింది.

కొట్లో వజీహ్ గారు స్టూలు మీద కూర్చుని ఫలాఫెల్ కొరుకుతున్నారు. ఎదురుగా నిలబడి అబూ ఖల్ డబ్బా అడుగు రొట్టెతో తుడుస్తున్నాడు. ఆ డబ్బా నుహాద్ పంపిందే.

"మీరేనా అమ్మా వండేది!" అన్నాడు అబూ ఖల్, ఆవిడ చూపు ఎక్కడుందో గమనించి. "మీ చేతులు చల్లగుండాలి! ఎనిమిది నెలలుగా నా ప్రాణం నిలబెట్టింది ఈ డబ్బాయే."

పెళ్లయి ఇరవై రెండేళ్లు. తన వంటకి మెచ్చుకోలు ఆవిడ మొదటిసారి వినడం ఈ కొట్లోనే.

"ఒక్కసారి నా మాట విను..." మీసం మీద తహీనీతో లేవబోయారు వజీహ్ గారు.

"ఉప్పు మానమని డాక్టరు ఎవరికి చెప్పాడండీ?"

"నాకే."

"మరి ఆరేళ్లుగా నేనెందుకు తినట్లేదు?"

ఆయనకి ఆ సంగతే తెలీదు. ఒకే గిన్నెలో వండితే ఇద్దరూ అదే తింటారని ఎన్నడూ తట్టలేదు.

"మీరొక్కరే చప్పిడి తింటుంటే నాకు ముద్ద దిగలేదు" అంది. "ఒంటిగంటకి కూసా ముందు పెట్టుకుని, అక్కడ ఆయనా ఇదే తింటున్నారు పాపం అనుకునేదాన్ని."

అబూ ఖల్ నమలడం ఆపేశాడు.

నుహాద్ ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది. "లేవండి. అన్నయ్యా, నాకొకటి చుట్టండి. ఊరగాయ దండిగా వెయ్యండి."

మొదటి ముక్క నోట్లో పడగానే ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం వల్లేనని వజీహ్ గారు తనకి తానే చెప్పుకున్నారు.

మర్నాటి నుంచి డబ్బా లేదు. కూసా పొయ్యి మీదే ఉంటుంది. ఆయనే ఇంటికెళ్లి వేడి చేసుకోవాలి. మూడో రోజు ఉండబట్టలేక ఒంటిగంటకి కొట్టు దగ్గరికొచ్చారు. స్టూలు మీద నుహాద్ ఉంది.

"ఇంకో స్టూలు ఎక్కడైనా..." అన్నారు గొంతు తగ్గించి.

"మీకు స్టూలెందుకండీ?" అన్నాడు అబూ ఖల్ కుళ్లుకుంటూ. "ఇంట్లో అలాంటి భోజనం పెట్టుకుని! వెళ్లండి, నడిచే కొద్దీ ఆకలేస్తుంది."

నుహాద్ వెనక్కి తిరగలేదు. ఇంకో మిరపకాయ అడుగుతోంది.

వజీహ్ గారు ఎండలో ఇంటి దారి పట్టారు.