ఏడుగురు తాతలు లేని టీకా

మే నెల మొదటి సోమవారం ఉదయం పది గంటలకు అకిమ్ తిలేబల్ది గారు మా సారీ-బెల్ జిల్లాను ప్రపంచంలోనే మొట్టమొదటి రోగనిరోధక జిల్లాగా ప్రకటించారు. ప్రపంచానికి ఆ సంగతి ఇంకా తెలియదు. మా పత్రిక కనుమ దాటి అవతలికి వెళ్లదు.

ఆ పత్రికకు విలేకరిని నేనే, ఫొటోగ్రాఫర్ని నేనే, అచ్చుతప్పులు దిద్దేదీ నేనే. ఇరవై రెండేళ్లలో ఐదుగురు అకిమ్‌లు, అంటే జిల్లా అధికారులు, ఈ జిల్లాను ఏలారు. ఐదుగురినీ పొగిడాను. జీతం అందుకే ఇస్తారు. కానీ మిగతా నలుగురినీ పొగడడానికి పాత వార్తలో పేరు మారిస్తే సరిపోయేది. తిలేబల్ది గారి దగ్గర ఆ పప్పులుడకవు. ఆయన ప్రతిసారీ కొత్తగా ఏదో ఒకటి చేస్తారు.

ఈ ఆలోచన ఆయనకు శానిటోరియంలో వచ్చింది. నడుం నొప్పికి వెళ్లి పద్నాలుగు రోజులు మంచం మీద ఉన్నారు. ఎదురుగా గోడ మీద మనిషి రోగనిరోధక శక్తి గురించి ఒక పోస్టరు. పద్నాలుగు రోజులూ ఆయన అది తప్ప మరొకటి చదవలేదు. అంతకుముందు పద్నాలుగేళ్లూ మరొకటి చదవలేదు గానీ, అప్పుడు ఎదురుగా పోస్టరు కూడా లేదు.

"మనిషి ఒంట్లో ఒక ప్రభుత్వం ఉంది," అని మీటింగులో మొదలుపెట్టారు. "దానికి బడ్జెట్ లేదు, సెలవుల్లేవు. చర్మం సరిహద్దు కాస్తుంది. తెల్లకణాలు గస్తీ తిరుగుతాయి. పరాయిది ఏది దూరినా పట్టుకుని మింగేస్తాయి. అవసరమైతే జ్వరం తెప్పించి శత్రువును ఉడకబెడతాయి. ఒకసారి చూసిన శత్రువు మొహం చచ్చేదాకా మర్చిపోవు. మరి మనం ఇన్నాళ్లూ ఏం చేశాం?"

అందరూ ఎదురుగా ఉన్న కాగితాలు సర్దుకున్నారు. ఏం చేశామో అందరికీ తెలుసు.

గంటలో పదవుల పంపకం పూర్తయింది. మా జిల్లాలోకి ఉన్నది ఒకటే రోడ్డు, వంతెన దగ్గర ఒకటే గేటు. ఆ గేటును చర్మంగా గుర్తించారు. గేటు కాపలాదారు జోల్చు చర్మానికి ఇన్‌చార్జి. పోలీసుల టోపీలకు తెల్లగుడ్డలు కుట్టించి తెల్లకణాలను చేశారు. పాత ఫైళ్లు చూసే ఆవిడ జ్ఞాపకకణం. పదిహేనేళ్లలో ఎవరెవరు అర్జీలు పెట్టారో ఆవిడ పేర్లతో సహా అప్పజెప్పగలదు. చివరికి బాయిలర్ చూసే అసాన్‌కుల్ వంతు వచ్చింది.

"నువ్వు జ్వరం," అన్నారు అకిమ్ గారు.

"అయ్యా, ఇది మే నెల. బొగ్గు ఆపేసి మూడు వారాలైంది."

"శత్రువు వస్తే ఒళ్లు ఏం చేస్తుంది?"

"నాకేం తెలుసయ్యా."

"వేడెక్కుతుంది. నువ్వూ వేడెక్కించు."

"ఎంత దాకా?"

"ముప్పై ఎనిమిదిన్నర డిగ్రీలు. అది దాటితే నాకు చెప్పు, ఆలోచిద్దాం."

మర్నాటి నుంచి ఆఫీసులో అందరూ చెమటలు కక్కుతూ కూర్చున్నారు. పని చేసి ఎవరికైనా చెమట పట్టినట్టు మా ఆఫీసు చరిత్రలో లేదు కాబట్టి ఇది నిస్సందేహంగా అభివృద్ధే.

ఆ మీటింగుకు నర్సు బురుల్‌ని నిపుణురాలి హోదాలో పిలిచారు. మా జిల్లాకు డాక్టరు లేడు, బురుల్ ఉంది. ముప్పై ఒక్కేళ్ల కిందట అనాథాశ్రమం నుంచి చదువు పూర్తి చేసుకుని నేరుగా ఇక్కడికి ఉద్యోగానికి వచ్చింది. ఆ గదిలో సగం మంది ఆవిడ సూదికి ఏడ్చినవాళ్లే. ఆవిడ చేసిన తప్పల్లా అడిగినదానికి జవాబు చెప్పడం.

"ఏది మనది, ఏది పరాయిది అన్నది ఒంటికి ఎలా తెలుస్తుంది?" అని అడిగారు అకిమ్ గారు. పోస్టరులో ఆ భాగం మీద కిటికీ తెర పడి ఉండేదట.

"మన కణాల మీద ఒక గుర్తు ఉంటుందయ్యా. పుట్టుకతో వస్తుంది, అమ్మానాన్నల నుంచి. ఆ గుర్తు కనిపిస్తే ఒళ్లు వాటి జోలికి పోదు."

"అంటే వంశం నుంచి వస్తుంది."

"అలాగే అనుకోండి."

అకిమ్ గారు బల్ల మీద అరచేత్తో చరిచారు. "ఏడుగురు తాతలు," అన్నారు.

గదిలో ఉన్నవాళ్లందరూ తలలూపారు. మా కిర్గిజ్ ఇళ్లలో పిల్లాడికి చెప్పులేసుకోవడం రాకముందే నాన్న నుంచి మొదలుపెట్టి ఏడు తరాల తాతల పేర్లు నేర్పుతారు. పెళ్లి మాటల్లో అవే అడుగుతారు, తగాదాల్లో అవే తిడతారు. ఇక ఆర్డరు రాయడమే తరువాయి. గేటు దగ్గర ఏడు పేర్లు వరసగా, తప్పు లేకుండా చెప్పినవాడు సొంత కణం, లోపలికి పంపాలి. చెప్పలేనిది అన్యపదార్థం, బయటే ఆపాలి. హోదాతో నిమిత్తం లేదు, అకిమ్ వచ్చినా సరే అడగాల్సిందే. ఆ చివరి వాక్యం ఆయన స్వయంగా చేర్చారు. నేను దాన్ని పత్రికలో పెద్దక్షరాలతో వేశాను.

"అయ్యా, తట్టు టీకా సంగతి," అంది బురుల్.

"అది నూటికి నూరు శాతం అయిపోయింది కదమ్మా."

"రిపోర్టులో అయిపోయింది. పిల్లలకు అవలేదు. అరవై రెండు మంది మిగిలే ఉన్నారు."

"వచ్చే మీటింగులో చూద్దాం."

ఆ అరవై రెండు మందిలో పదమూడు నెలల నా మనవరాలు అక్‌మారల్ ఒకతి. అందుచేత ఈ ముక్క నా సొంత పుస్తకంలో రాసుకున్నాను. పత్రికలో చోటు సరిపోలేదు.

చర్మం మొదటి రోజు నుంచే గట్టిగా పనిచేసింది. కరెంటు తీగలు చూసే విక్తర్ ముప్పై ఏళ్లుగా మాకు తెలుసు. ఇవాన్, ప్యోత్ర్, ఇంకో ఇవాన్ దాకా చెప్పి నాలుగో తాత దగ్గర ఆగిపోయాడు. అతన్ని బయటే ఆపేశారు. రెండు రోజులు కరెంటు లేదు. చర్మమంటే ఇలా ఉండాలని అకిమ్ గారు కొవ్వొత్తి వెలుగులో మెచ్చుకున్నారు.

ఆ వారంలోనే ఆయన పినతండ్రి కొడుకు చోట్‌బాయ్ నగరం నుంచి వచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. ముక్కు కారుతోంది. మెడ మీద ఎర్రగా పేలింది. కానీ పేర్లు మాత్రం, ఒక్కో తాతకూ ఒక దగ్గు చొప్పున, ఏడుతో ఆగకుండా పద్నాలుగు దాకా చెప్పాడు. జోల్చు గేటెత్తి సెల్యూట్ కొట్టాడు. ఆ రాత్రి విందులో అతనికి గొర్రె తలకాయ పెట్టి గౌరవించారు. అతను తాగిన గుర్రప్పాల గిన్నెలోనే ఆఫీసంతా తాగింది. మొదటి గుక్క అకిమ్ గారిది.

బురుల్ పిలవకుండానే వచ్చి అతని నోట్లోకి, చెవుల వెనక్కి చూసింది. "తట్టు," అంది.

"మా తమ్ముడమ్మా వాడు," అన్నారు అకిమ్ గారు. "నా తాతలే వాడి తాతలు. మనవాణ్ని మనమే అనుమానిస్తే ఇంక అది రోగనిరోధకం ఎలా అవుతుంది?"

"గాలిలో పాకేస్తుందయ్యా. గదిలో ఉన్నవాళ్లందరికీ అంటుకుంటుంది."

"గాలికి కూడా తాతల పేర్లు అడగమంటావా ఏంటి?"

విందు బాగా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికెళ్లి చొక్కా మార్చుకునేదాకా మనవరాల్ని ఎత్తుకోలేదు.

బురుల్ టీకాల కోసం పై ఆఫీసుకు తొమ్మిది రోజులు ఉత్తరాలు రాసింది. తొమ్మిదింటికీ ఒకటే జవాబు వచ్చింది. మీ జిల్లాలో నూటికి నూరు శాతం పూర్తయినందుకు అభినందనలు అని. పదో రోజు ఆవిడ బొగ్గు లారీ ఎక్కి కనుమ దాటింది. పక్క జిల్లా నర్సు కాళ్లావేళ్లా పడి అరవై రెండు డోసులు ఐసు పెట్టెలో పెట్టుకుని, పదకొండో రోజు పొద్దున్నే మా వంతెన దగ్గర దిగింది. మర్నాడు మందలు కొండ మీది మేతకు బయల్దేరతాయి. సగం మంది పిల్లలు వాటి వెంట వెళ్లిపోతారు. సెప్టెంబరు దాకా దిగరు. ఆ ఎత్తున పిల్లకు తట్టు పోస్తే చూసే దిక్కుండదు.

"ఏడుగురు తాతలు చెప్పక్కా," అన్నాడు జోల్చు.

"ఒరే జోల్చూ, నేనెవర్నిరా?"

"బురుల్ అక్కవి."

"నీకు టీకా వేస్తుంటే నా వేలు కొరికావు. ఇదిగో మచ్చ."

"గుర్తుందక్కా. కానీ తాతలు చెప్పాలి. ఆర్డరు."

"మా నాన్న పేరు కాగితంలో ఉంది, రాయిమ్ అని. అంతకు పైన ఎవరున్నారో ఆశ్రమం వాళ్లకే తెలీదు. నేనెక్కడి నుంచి తెచ్చేది?"

"ఒకటే అయింది మరి," అన్నాడు జోల్చు బాధగా. అతని కొడుకు పేరు ఆవిడ జాబితాలో తొమ్మిదోది. అది అతనికీ తెలుసు. "ఆ పెట్టెలో ఏముంది?"

"తట్టు."

జోల్చు రెండడుగులు వెనక్కి వేసి అకిమ్ గారికి ఫోన్ చేశాడు.

అకిమ్ గారు ఆఫీసు నుంచి నేరుగా వచ్చారు. ఫొటో తీయడానికి నేనూ కారెక్కాను. దారంతా దగ్గుతూనే ఉన్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఒళ్లంతా చెమట. మా బాయిలర్ పుణ్యమా అని ఆఫీసులో అందరిదీ అదే వాలకం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. శత్రువును దగ్గరగా పరిశీలించాలని ఆయన గేటు కింద నుంచి వంగి బయటికి వెళ్లారు. నేను లోపలే నిలబడి కెమెరా సర్దుకున్నాను.

"పెట్టెలో తట్టు ఉందట."

"ఉందయ్యా. కోరలు పీకేసిన తట్టు. రోగం తెప్పించలేదు. పిల్లల ఒంట్లోకి పంపితే తెల్లకణాలు దీన్ని చూసి మొహం గుర్తుపెట్టుకుంటాయి. రేపు అసలు తట్టు వస్తే వచ్చీ రాగానే పట్టేసుకుంటాయి."

"అంటే నా జిల్లాలోకి శత్రువును తెచ్చి, నా పిల్లలకు పరిచయం చేస్తావు."

"అవునయ్యా. దాన్నే టీకా అంటారు."

"దీని తాతలెవరు?"

"తట్టుకు తాతలేంటయ్యా?"

"రాసుకో," అన్నారు నాతో. రాసుకున్నాను. "కమిటీ వేద్దాం. పది రోజుల్లో రిపోర్టు వస్తుంది."

"ఐసు సాయంత్రం దాకానే ఉంటుందయ్యా. తర్వాత ఇవి పాడైపోతాయి."

"శత్రువు తనంతట తానే చస్తానంటే మనకేం నష్టం?" అని నవ్వబోయి దగ్గారు. అలా దగ్గుతూనే గేటు కమ్మీ పట్టుకుని ఆగారు.

బురుల్ అడక్కుండానే ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టింది. "కాలిపోతోంది. మీకు తట్టు వచ్చిందయ్యా. పిల్లలకు దూరంగా పడుకోవాలి."

"జ్వరం మన ఆయుధం," అన్నారు అకిమ్ గారు, గొంతు బొంగురుపోయి. "జోల్చూ, ఎత్తు."

జోల్చు ఎత్తలేదు. నిటారుగా నిలబడ్డాడు. "తాతలు చెప్పండయ్యా."

అకిమ్ గారి మొహంలో గర్వం కనిపించింది. చర్మం అంత బాగా పనిచేస్తుంటే ఏ అకిమ్‌కైనా అలాగే ఉంటుంది. "కసిమ్," అన్నారు. "జుమా. తోక్తో. శాదిబెక్." అక్కడ ఆగి గాలి పీల్చుకున్నారు. "చోట్‌బాయ్."

"చోట్‌బాయ్ గారు మీ తమ్ముడయ్యా."

"అదే. శాదిబెక్. తర్వాత... కసిమ్."

"కసిమ్ గారు మొదట్లోనే అయిపోయారయ్యా."

"బోరుబాయ్," అని బురుల్ మెల్లగా అందించింది. "మీ ఐదో తాత బోరుబాయ్ అయ్యా."

జోల్చు ఆవిడ వైపు తిరిగాడు. జేబులోంచి ఆర్డరు తీసి మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివాడు. ఇంతసేపు చదవడానికి అందులో ఏమీ లేదని నాకు తెలుసు, దాన్ని టైపు చేసింది నేనే.

"మిగతావి కూడా వచ్చా అక్కా?" అన్నాడు.

మాకందరికీ వచ్చు. ఆర్డరు వచ్చినప్పటి నుంచి అకిమ్ గారు ప్రతి మీటింగూ వాటితోనే మొదలుపెడుతున్నారు. బురుల్ పెట్టె చంకలో పెట్టుకుని, ఒక్క దగ్గు లేకుండా, ఒకే గుక్కలో చెప్పింది. "కసిమ్, జుమా, తోక్తో, శాదిబెక్, బోరుబాయ్, ఎసెన్, కొచ్‌కోర్."

"ఎవరి తాతలో అడగమని ఆర్డరులో లేదు," అన్నాడు జోల్చు ఎవరితోనూ కాకుండా. గేటెత్తాడు. ఆవిడ లోపలికి రాగానే దించాడు.

అకిమ్ గారు ఏదో అనబోయారు గానీ దగ్గు అడ్డం పడింది. బురుల్ నడుస్తూనే వెనక్కి తిరిగి, ఆయనకు వంతెన అవతల డేరా వేసి, నీళ్లు బాగా తాగించి, మీద దుప్పటి కప్పమని జోల్చుకు చెప్పింది. సాయంత్రం తానే వచ్చి చూస్తానంది.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు దాకా బడిలో అరవై రెండు మంది పిల్లలు వరసగా ఏడ్చారు. నలభై నాలుగో ఏడుపు అక్‌మారల్‌ది. ఇరవై రెండేళ్లుగా పొగడ్తలు రాస్తున్నాను, అంత బాగున్నది ఏదీ నా చెవిన పడలేదు. కెమెరా మూత తీయడం మర్చిపోయాను, ఆ ఫొటో రాలేదు. పాఠకులు మన్నించాలి.

చీకటి పడేముందు, వార్తకు కావలసిన అధికారిక సమాచారం కోసం గేటు దగ్గరికి వెళ్లాను. అవతల డేరాలోంచి దగ్గు వినిపిస్తోంది. జోల్చు రిజిస్టరు నా ముందుకు తోశాడు. ఆనాటి పేజీలో అతని చేతిరాతతో ఉన్నదాన్ని ఉన్నట్టుగా అచ్చు వేస్తున్నాను:

"సొంత కణం: ఒకటి. లోపలికి పంపడమైనది. అన్యపదార్థం: ఒకటి. చర్మం దగ్గరే ఆపడమైనది. వ్యవస్థ సక్రమంగా పనిచేస్తున్నది."